చేపల తొట్టెకో చిట్టా పుస్తకం

ధహ్రాన్‌లో చేపలు పెంచడమంటే ఎడారిలో చెరువు తవ్వడమేనని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది. ఈ ఎండలకి పిల్లలు ఏడాదిలో సగం రోజులు ఇంట్లోనే గడుపుతారు కదా అని మూడేళ్ళ క్రితం వంద లీటర్ల అక్వేరియం కొన్నాను. దాని పక్కనే ఒక రూళ్ళ పుస్తకం కూడా పెట్టాను. ఎం.ఎస్. చదివే రోజుల్లో ప్రయోగాల పుస్తకంలో తేదీ వెయ్యకపోతే మార్కులుండేవి కావు. ఇప్పుడు ఉద్యోగంలోనూ ప్రోగ్రాం ఎక్కడ చెడిందో లాగ్ ఫైల్ చూస్తేగాని తెలియదు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది.

ఆ పుస్తకం విలువ నిజంగా తెలిసింది మాత్రం కిందటి నవంబరులో. అమ్మాయి పుట్టినరోజుకి రెండు ఏంజెల్ చేపలు తెచ్చాం. రెండో రోజుకే రెండూ చచ్చిపోయాయి. పాత చేపలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. "మన చేపలే వాటిని చంపేశాయా నాన్నా?" అని అడిగింది పిల్ల. దుకాణం వాడు జబ్బు చేపలు అంటగట్టాడని తేల్చేశాను.

ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే అసలు దోషి దొరికాడు. వాడు నేనే! ఇరవై వారాలుగా ప్రతి వారం "5 లీటర్లు పోశాను" అని ఉంది. "నీళ్ళు మార్చాను" అన్న మాట ఒక్కచోటా లేదు. ఆఫీసు పని ఒత్తిడిలో తగ్గిన నీళ్ళు పోస్తూ, అదే మార్చడం అనుకుంటూ వచ్చాను.

ఈ రెంటికీ చాలా తేడా ఉంది. బయట మన ఊళ్ళో ఉక్కపోత సంగతి తెలిసిందే. 2003 జూలై 8న ఇక్కడ తుషార బిందువు 35 డిగ్రీలని నమోదయింది. కానీ ఇంట్లో ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది, తొట్టెలో నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, లవణాలు కావు. వారానికి 5 లీటర్ల చొప్పున 20 వారాలకి 100 లీటర్లు. అంటే ఒక తొట్టెడు నీళ్ళ లవణాలు అదనంగా అందులోనే మిగిలాయి! మా కుళాయి నీళ్ళ టీడీఎస్ 250 ఉంటే తొట్టెలో 610 చూపించింది.

ఇంకొకటి. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ కొంచెమున్నా విషమే. నైట్రేట్ అంత ప్రమాదం కాదుగాని పేరుకుపోతుంది. ఈ మార్పులో ఆమ్లం పుట్టి పీహెచ్ పడిపోతుంది. పుస్తకంలో జూన్‌లో 7.6 ఉన్నది ఇప్పుడు 6.2కి దిగింది. పాత చేపలు మెల్లమెల్లగా అలవాటు పడ్డాయి. కొత్తవి ఒక్కసారిగా ఆ నీళ్ళలో పడి తట్టుకోలేకపోయాయి. దీన్నే "ఓల్డ్ ట్యాంక్ సిండ్రోమ్" అంటారు.

వెంటనే నీళ్ళన్నీ మార్చేద్దామా అంటే అదీ తప్పే. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా ఎక్కువ భాగం అంతగా హాని చెయ్యని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ ఒక్కసారిగా పెరిగితే అదే విషమవుతుంది. అందుకని రోజుకి పది లీటర్ల చొప్పున రెండు వారాలు మార్చాను. రోజూ అంకెలు రాసి, తిన్నగా వస్తున్నాయో లేదో చూసుకున్నాను.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే వారానికి ఒక వరస చాలు:

1. తేదీ, నీటి ఉష్ణోగ్రత.
2. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, టీడీఎస్.
3. పోసిన నీళ్ళు ఎన్ని, మార్చినవి ఎన్ని. ఈ రెంటికీ వేర్వేరు గడులు ఉండాలి.
4. ఫిల్టర్ ఎప్పుడు కడిగారు, కొత్త చేప ఎప్పుడు వచ్చింది, ఏ మందు వేశారు.
5. చేపల తిండి, నడవడిలో ఏదైనా తేడా.

వేసవిలో కొత్త నీళ్ళ ఉష్ణోగ్రత కూడా రాయండి. మేడమీది ట్యాంకు కాగి చన్నీళ్ళ కుళాయిలో వేన్నీళ్ళు రావడం మనకి మామూలే కదా! బకెట్‌లో పట్టి రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, క్లోరిన్ విరుగుడు కలిపి పొయ్యండి. నీరు వేడెక్కినకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర 7.6 మాత్రమే.

కంప్యూటర్‌లో రాసుకుంటే అందంగానే ఉంటుంది. కానీ తడి చేతులతో రాయడానికి తొట్టె పక్కన పెన్సిలూ పుస్తకమే నయం. ఇంకో లాభం కూడా ఉంది. మనం సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు పక్కింటివారికి తాళంచెవితో పాటు ఈ పుస్తకం కూడా ఇచ్చేయొచ్చు. మేత ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎన్ని పొయ్యాలో అర్ధరాత్రి ఫోన్ చేసి అడగక్కర్లేదు.

ఇప్పుడు మా పుస్తకం అమ్మాయి చేతిలోనే ఉంది. అంకెలన్నీ తనే వేస్తుంది. "మార్చినవి" అన్న గడి ఖాళీగా కనిపిస్తే శుక్రవారం పొద్దున్నే బకెట్ తెచ్చి నా మంచం పక్కన పెడుతుంది. మార్చి నెలలో మళ్ళీ రెండు ఏంజెల్ చేపలు తెచ్చాం. ఈసారి అవి హాయిగా ఉన్నాయి.