డబ్బా పొయ్యి సులువే.. ఇంధనంతోనే జాగ్రత్త

* శీతల పానీయాల డబ్బాలతో స్పిరిట్ పొయ్యి
* ఔన్సు ఇంధనంతో అర లీటరు నీరు మరుగు
* పారిశ్రామికవాడ మిథనాల్‌తో మాత్రం ప్రాణాపాయం

కర్దనూర్ (పటాన్‌చెరు): తాగి పారేసిన రెండు శీతల పానీయాల డబ్బాలు, ఒక కత్తెర, ఒక గుండుసూది, ఔన్సు స్పిరిట్. అర లీటరు నీరు మరిగించుకోవడానికి ఇవి చాలు. కొండలు, అడవుల్లో నడకకు వెళ్లేవారు దేశదేశాల్లో ఏళ్ల తరబడి వాడుతున్న ఈ చిన్న పొయ్యిని ఎవరైనా గంటలో తయారు చేసుకోవచ్చు. అనంతగిరి కొండలకో, నర్సాపూర్ అడవి వైపో సెలవు రోజున వెళ్లే యువకులకు ఇది అక్కరకొచ్చే వస్తువే.

అయితే ఔటర్ రింగ్ రోడ్డుకు సమీపంలోని కర్దనూర్ మొదలు పాశమైలారం, బొల్లారం వరకు విస్తరించిన ఈ ప్రాంతంలో పొయ్యి తయారీ కంటే ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడి మందుల పరిశ్రమల్లో మిథనాల్ నిత్యం వాడే ద్రావణి. చూడటానికి అది మామూలు స్పిరిట్‌లాగే ఉంటుంది. మంటా మండుతుంది. 'స్పిరిట్ ఏదైనా ఒకటే' అన్న పొరపాటు ఇక్కడ జరగడానికి ఉన్నంత అవకాశం మరోచోట ఉండదు. ఆ పొరపాటుకు మూల్యం కంటిచూపు కావచ్చు, ప్రాణమూ కావచ్చు.

కొత్తదేమీ కాదు

రెండు గోడల మధ్య ఇంధనాన్ని ఆవిరిగా మార్చి మండించే పొయ్యికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఇలాంటి నమూనాకు 1904లోనే న్యూయార్క్‌కు చెందిన ఒక రాగిపని నిపుణుడు పేటెంట్ పొందారు. స్వీడన్‌కు చెందిన ట్రాంగియా సంస్థ ఇత్తడి స్పిరిట్ పొయ్యిలు ప్రపంచమంతటా పేరు పొందాయి. అల్యూమినియం డబ్బాలు విరివిగా దొరకడం మొదలయ్యాక అమెరికాలో దూరప్రయాణపు పాదచారులు ఇదే సూత్రాన్ని ఇంట్లో చేసుకొనే పొయ్యికి అన్వయించారు. దాని బరువు 30 గ్రాములు కూడా ఉండదు.

స్పిరిట్ పొయ్యి ఆలోచన మన జిల్లాకూ దూరమైనది కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తీపి జొన్నపై పరిశోధనలు సాగించింది. దాని సహకారంతో సంగారెడ్డి సమీపంలో రుస్ని డిస్టిలరీస్ 2007లో తీపి జొన్న రసం నుంచి ఇథనాల్ తయారీ చేపట్టింది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ, సగం వరకు నీరు కలిసిన ఇథనాల్‌తో సైతం మండే వంట పొయ్యిని రూపొందించింది. పొలంలో పండే పంట నుంచి వంటింటి ఇంధనం తీయవచ్చన్నది ఆ ప్రయత్నాల సారాంశం.

పనిచేసే తీరు

ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. పొయ్యి నడుమ ఉన్న గుంతలో కొద్దిగా స్పిరిట్ పోసి వెలిగిస్తే ఆ మంట వేడికి డబ్బా గోడలు వేడెక్కుతాయి. గోడల నడుమ ఇరుకు సందులోకి చేరిన ఇంధనం మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి పై అంచున గుండుసూదితో చేసిన రంధ్రాల గుండా బయటకు తన్నుకొచ్చి చుట్టూ మంటగా మారుతుంది. వత్తి లేదు, పంపు లేదు. తన మంటే తన ఇంధనాన్ని ఆవిరి చేసుకుంటుంది.

అల్యూమినియం సుమారు 660 డిగ్రీల వద్ద గాని కరగదు. డబ్బా లోపల ఇంధనం ఉన్నంతసేపు దాని గోడలు ఆ స్థాయికి చేరవు. అందుకే కాగితమంత పలుచని డబ్బా కూడా మంటకు తట్టుకొని నిలుస్తుంది.

తయారీ ఇలా..

ఒకే కొలత గల 330 మిల్లీలీటర్ల అల్యూమినియం డబ్బాలు రెండు తీసుకోవాలి. నొక్కులు లేనివైతే మేలు. లోపల చుక్క పానీయం మిగలకుండా కడిగి ఆరబెట్టాలి. కోసిన అంచులు బ్లేడులా పదునుగా ఉంటాయి కనుక చేతులకు మందపాటి తొడుగులు తప్పనిసరి.

* మొదటి డబ్బాను బోర్లించి, అడుగున పొడుచుకు వచ్చిన అంచుకు వెలుపలి వైపు గుండుసూదితో సమాన దూరంలో 16 నుంచి 24 రంధ్రాలు చేయాలి. రంధ్రాలు ఎంత సన్నగా ఉంటే మంట అంత నిలకడగా ఉంటుంది.

* అదే డబ్బా అడుగున లోపలికి వంగి ఉన్న గుండ్రటి భాగాన్ని బ్లేడుతో పలుమార్లు గీసి తొలగించాలి. ఇంధనం పోసే నోరు ఇదే.

* సుమారు మూడు సెంటీమీటర్ల మందం గల పుస్తకంపై స్కెచ్ పెన్ను కదలకుండా ఉంచి, డబ్బాను తిప్పితే చుట్టూ సమానమైన గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తిరిస్తే పొయ్యి పైభాగం సిద్ధం.

* రెండో డబ్బాను అడుగు నుంచి నాలుగు సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించాలి. దీని అడుగు చెక్కుచెదరరాదు. ఇది కింది భాగం.

* మిగిలిన డబ్బా రేకు నుంచి పట్టీ ఒకటి కత్తిరించి గుండ్రంగా చుట్టాలి. కింది భాగపు గాడి నుంచి పైభాగపు గాడి వరకు సరిగ్గా ఆనేలా దాని వెడల్పును కొలుచుకోవాలి. పట్టీ కింది అంచున మూడు చిన్న గంట్లు పెట్టాలి. నడిమి గుంతలోని ఇంధనం గోడల సందులోకి చేరే దారులు ఇవే.

* కింది భాగంలో పట్టీని నిలబెట్టి, పైభాగాన్ని నెమ్మదిగా అందులోకి నొక్కాలి. బిగువుగా ఉంటే ఇంకా తెరవని నిండు డబ్బాను కింది భాగపు నోటిలోకి కొద్దిగా నొక్కి తీస్తే అంచు సాగుతుంది.

తయారైన పొయ్యిలో ముందుగా నీరు పోసి చూడాలి. రెండు భాగాలు కలిసే అతుకు వద్ద చెమ్మ కనిపిస్తే ఆ పొయ్యిని పక్కన పెట్టి మరొకటి చేసుకోవాలి. కారే పొయ్యికి అతుకులు వేసి వాడటం ప్రమాదకరం.

గిన్నెను నేరుగా పొయ్యిపై పెట్టరాదు. నడిమి నోరు మూసుకుపోయి మంట ఆరిపోతుంది. మూడు రాళ్లో, బలమైన ఇనుప జాలీయో అమర్చి, పొయ్యికి రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల ఎత్తున గిన్నె నిలిచేలా చూసుకోవాలి. గాలికి మంట చెదరకుండా చుట్టూ రేకు అడ్డు పెట్టినా, కింది నుంచి గాలి ఆడే సందు ఉంచాలి.

ఎంత ఇంధనం కావాలి?

అర లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 157 కిలోజౌళ్ల వేడి కావాలి. మిల్లీలీటరు ఇథనాల్ మండితే 21 కిలోజౌళ్ల వరకు వస్తుంది. మంట వేడిలో సగం గాలిపాలైనా 15 మిల్లీలీటర్లు చాలాలి. వాస్తవానికి గాలి, గిన్నె, మూతను బట్టి 20 నుంచి 30 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. కాబట్టి ఒక్కసారి ఔన్సుకు మించి పోయనవసరం లేదు.

టీ కాచుకోవడానికి, నూడుల్స్ ఉడికించుకోవడానికి ఇది సరిపోతుంది. రోజూ అన్నం, కూర వండుకోవడానికి పనికిరాదు. అయిదు కిలోల చిన్న గ్యాస్ సిలిండర్ ఇచ్చే వేడికి దాదాపు 11 లీటర్ల ఇథనాల్ కావాలన్నది గమనిస్తే ఈ తేడా అర్థమవుతుంది. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న కార్మికులకు ఆ చిన్న సిలిండరే తగినది. చిరునామా రుజువు లేకున్నా గుర్తింపు కార్డు చూపితే దాన్ని పొందే సదుపాయం ఉంది.

ఏది పోయాలి? ఏది పోయకూడదు?

ఈ పొయ్యికి తగిన ఇంధనం 90 శాతానికి పైగా ఇథనాల్ ఉన్న స్పిరిట్. సీసాపై తయారీదారు పేరు, అందులోని పదార్థాల వివరాలు స్పష్టంగా ఉండాలి. తాగడానికి వీల్లేకుండా విషపదార్థాలు కలిపిన డీనేచర్డ్ స్పిరిట్ ఆబ్కారీ చట్టాల పరిధిలోకి వస్తుంది. దానిలోనూ మిథనాల్ కలిసి ఉండవచ్చు. బిల్లు, లేబుల్ లేని సరుకు జోలికి పోకపోవడం అన్ని విధాలా క్షేమం.

మందుల దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మండుతుంది గానీ పసుపుపచ్చని మంటతో గిన్నెకు మసి పడుతుంది. శానిటైజర్ జెల్ చిక్కగా ఉండటం వల్ల ఇరుకు సందుల్లోకి పారదు. రంగుల దుకాణాల్లో అమ్మే థిన్నర్ ఆవిర్లు విషపూరితం. పెట్రోలు ఈ పొయ్యిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయరాదు. అది అదుపు తప్పి భగ్గుమంటుంది.

మిథనాల్ ఎందుకు వద్దు?

మిథనాల్ శరీరంలోకి చేరాక ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. అది మొదట కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. పది మిల్లీలీటర్లు కడుపులోకి వెళ్లినా చూపు పోవచ్చు. 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయవచ్చు. పొయ్యిలో ఒకసారి పోసే కొలత కూడా అంతే. తాగితేనే ప్రమాదమనుకోవడం పొరపాటు. మూసిన గదిలో ఆవిరి పీల్చినా, చర్మంపై పడి ఇంకినా విషం ఒంట్లోకి చేరుతుంది. పైగా నీళ్ల సీసాలో దాచిన మిథనాల్‌ను ఇంట్లో పిల్లలు నీళ్లనుకొని తాగే ముప్పు ఎప్పుడూ పొంచి ఉంటుంది.

సీసాలో ఉన్నదేమిటో తెలియకపోవడం ఎంతటి అనర్థమో తెలుగువారికి అనుభవమే. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ తాగి పది మందికి పైగా మరణించారు.

అసోంలో మిథనాల్‌తోనే వంట చేస్తున్నారు కదా అన్న సందేహం రావచ్చు. 2018 అక్టోబరులో నామ్‌రూప్‌లోని అసోం పెట్రోకెమికల్స్ ఆధ్వర్యంలో మిథనాల్ వంట పొయ్యిల పథకం ప్రారంభమైన మాట నిజమే. కానీ అక్కడ ఇంధనం ప్రత్యేక డబ్బాల్లో నింపి వస్తుంది. గృహిణి దాన్ని చేత్తో ఒంపుకొనే పని లేదు. కోసిన డబ్బాలోకి సీసాతో వంచడానికీ, దానికీ పోలికే లేదు. పరిశ్రమ నుంచి తెలిసినవారు తెచ్చిచ్చిన 'స్పిరిట్'ను, రసాయనాల ఖాళీ డ్రమ్ము అడుగున మిగిలిన ద్రవాన్ని ముట్టుకోకపోవడమే దీనికి ఏకైక జాగ్రత్త.

కనిపించని మంట

స్పిరిట్ మంట లేత నీలిరంగులో ఉంటుంది. పట్టపగలు ఎండలో కంటికి ఆనదు. పొయ్యి ఆరిపోయిందనుకొని మళ్లీ ఇంధనం పోయడమే ఈ పొయ్యితో జరిగే ప్రమాదాల్లో అతి ఘోరమైనది. మంట ధారను పట్టుకొని సీసాలోకి పాకుతుంది. సీసాలోని ఆవిరి అంటుకొని, మండుతున్న ఇంధనం ఎదుటివారిపైకి చిమ్ముతుంది. 2014 సెప్టెంబరులో అమెరికాలో కొద్ది రోజుల తేడాతో రెనోలోని ఒక మ్యూజియంలో, డెన్వర్‌లోని ఒక పాఠశాలలో మిథనాల్ ప్రదర్శనల వేళ మంటలు ఎగసి పిల్లలు గాయపడ్డారు. పెద్ద సీసా నుంచి నేరుగా పోయడంతోనే ముప్పు ఎక్కువ.

కనుక ఔన్సు కొలత గల చిన్న పాత్రలోకి ముందే ఒంపుకొని, పెద్ద సీసాకు మూత బిగించి దూరంగా పెట్టాకే పొయ్యి వెలిగించాలి. ఆరిందనుకొన్న తరువాత కనీసం అయిదు నిమిషాలు ఆగి, డబ్బా పూర్తిగా చల్లారాకే మళ్లీ పోయాలి.

చలికాలంలో మరింత అప్రమత్తత

డిసెంబరు, జనవరి మాసాల్లో పటాన్‌చెరు ఉష్ణోగ్రతలు పది డిగ్రీల లోపునకు పడిపోవడం ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. ఇథనాల్ ఆవిరి అంటుకోవడానికి సుమారు 13 డిగ్రీల వేడి ఉండాలి. అందుకే చలి ఉదయాల్లో అగ్గిపుల్ల చూపగానే పొయ్యి వెలగకపోవచ్చు. అంటుకోలేదని మరింత పోయడం సరికాదు. ఇంధనపు చిన్న పాత్రను మూత బిగించి కాసేపు అరచేతుల మధ్య ఉంచితే సరిపోతుంది.

చలికి తలుపులు మూసిన గదిలో, గుడారంలో ఈ పొయ్యి వెలిగించరాదు. చల్లని గిన్నె అడుగు తగిలి మంట సగంలో ఆగినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

ప్రయాణంలో, అడవిలో

రైలులో స్పిరిట్ తీసుకెళ్లడం రైల్వే చట్టంలోని 164వ సెక్షన్ ప్రకారం నేరం. మూడేళ్ల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం కూడా శిక్షార్హమే. వేసవిలో ఎండుటాకులపై ఒరిగిన ఒక్క డబ్బా ఎకరాల అడవిని కాల్చగలదు. అనుమతి ఉన్న విడిది ప్రదేశంలో, నేలను శుభ్రం చేసి చదునైన రాతిపైనే వెలిగించాలి.

ప్రమాదం జరిగితే..

పొయ్యి పక్కన దానికంటే పెద్దదైన స్టీలు గిన్నె ఒకటి, బకెట్ నీరు సిద్ధంగా ఉంచుకోవాలి. గిన్నె బోర్లిస్తే గాలి అందక మంట ఆరుతుంది. స్పిరిట్ నీటిలో కలిసిపోతుంది కనుక నేలపై ఒలికి అంటుకొన్నప్పుడు ధారాళంగా నీరు పోయవచ్చు. బట్టలు అంటుకొంటే పరుగెత్తకుండా నేలపై దొర్లాలి.

కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచాలి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయరాదు. మిథనాల్ మింగినట్లు అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురుచూడరాదు. చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం 12 నుంచి 24 గంటల తరువాత గాని బయటపడకపోవచ్చు. అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది. విరుగుడు మందు, డయాలసిస్ వంటి చికిత్సలు ఎంత ముందుగా అందితే చూపు నిలిచే అవకాశం అంత ఎక్కువ. అంబులెన్సుకు 108, అగ్నిమాపక శాఖకు 101 నంబర్లకు ఫోను చేయాలి. తాగిన సీసాను పారేయకుండా రోగితోపాటే వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. అందులో ఏముందో తెలిస్తేనే సరైన వైద్యం వెంటనే మొదలవుతుంది.