నవల సగంలో ఆగిపోతే ఏం చేయాలి?

అశోక్‌నగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా నన్ను ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, నవల మొదలుపెట్టిన, సగంలో ఆగిపోయింది. ఏ యాప్ వాడాలె?" ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు పనిముట్ల సంగతి. నా దగ్గర ఉన్నవి మూడే. జేబులో పట్టే నోట్‌బుక్, ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్. నోట్‌బుక్ బయట విన్న మాటలు రాసుకోడానికి. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ మొదటి చిత్తుకి. పేర్లు, యాస మాటలు తప్పుగా పడతాయి. పడనివ్వండి, అక్కడే ఆగి దిద్దొద్దు. దిద్దే పని మర్నాడు ల్యాప్‌టాప్ మీద. నోటితో చెప్పి రాయించడం మనకి కొత్తేం కాదు. విశ్వనాథ సత్యనారాయణ గారు 'వేయిపడగలు' చెప్తూ ఉంటే వాళ్ల తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. మనకి ఆ తమ్ముడు ఫోన్‌లోనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు సమస్య. నా రెండో నవల 11వ చాప్టర్ దగ్గర 4 నెలలు కదల్లేదు. కొత్త పెన్ను కొన్నా, రెండు యాప్‌లు మార్చా. రోజూ మొదటి చాప్టర్ తీసి దిద్దడమే సరిపోయేది. తర్వాత అర్థమైంది, నాకు రాయడం రాక కాదు, తర్వాత సీన్ ఏంటో తెలియక ఆగాను. కథలో అమ్మాయి గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చింది. డబ్బులు అయిపోతే ఏం చేస్తుందో నాకు తెలీదు.

ఒకరోజు ఫోన్ జేబులో పెట్టి చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిచాను. దారిలో ఒక జిరాక్స్ షాపులో ఒకమ్మాయి లావుపాటి మెటీరియల్ ఇచ్చి, "అన్నా, సగమే తియ్యండి, మిగతాది ఒకటో తారీఖు తర్వాత" అంది. అంతే. ఇంటికెళ్లి ఆ సీన్ రాశాను, చాప్టర్ కదిలింది.

ఆ తర్వాత రెండు అలవాట్లు పెట్టుకున్నా. ఒకటి హెమింగ్వే చెప్పింది: తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే ఆ రోజుకి రాత ఆపాలి. రెండోది ఆంథనీ ట్రాలప్‌ది. ఆయన పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే, ఎదురుగా గడియారం పెట్టుకుని 15 నిమిషాలకి 250 పదాల లెక్కన రాసేవాడు. మీరు 100 రాసినా చాలు.

"టైం లేదన్నా" అంటారా? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి చదువుకోడానికి వెళ్లినప్పుడు వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' అడిగి చూడండి. ఆయన ఇళ్లల్లో వంట చేశారు, హోటల్లో సర్వర్‌గా పనిచేశారు, పత్రికలో ప్రూఫులు దిద్దారు, జైలుకీ వెళ్లారు. అన్నిటి మధ్యా ఆ నవల పూర్తి చేశారు. రెండో నవల 'గంగు' మాత్రం పూర్తి కాకుండానే 1961లో చనిపోయారు. ఆ మిగతా కథ ఆయన రాసుంటే ఎలా ఉండేదో మనకి ఎప్పటికీ తెలీదు.

అందుకే ఈ రాత్రి మొదటి చాప్టర్ తెరవకండి. ఆగిపోయిన పేజీ తెరిచి, 15 నిమిషాలు టైమర్ పెట్టండి. మీ పాత్రకి ఇవాళ ఏం కావాలి, దానికి అడ్డం ఏముంది? ఈ రెండూ రాయండి చాలు. మళ్లీ కలుద్దాం.