డాఫ్నే దీవిలో రెండు కరవులు

ఈక్వెడార్ తీరానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రంలో గాలాపాగోస్ దీవులున్నాయి. వాటిలో డాఫ్నే మేజర్ చాలా చిన్నది. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన ఆ దిబ్బ విస్తీర్ణం చదరపు కిలోమీటరులో మూడో వంతు. ఎత్తు 120 మీటర్లు. మంచినీటి చుక్క లేదు, మనుషులు లేరు. పడవ అలతో పాటు పైకి లేచినప్పుడు రాతి గట్టు మీదికి దూకితేనే దీవిలో అడుగు పెట్టగలం.

జీవశాస్త్రవేత్తలైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో అక్కడ పని మొదలుపెట్టారు. తాగే నీళ్ళతో సహా అన్నీ మోసుకెళ్ళి, గుడారాల్లో ఉంటూ 2012 వరకు ఆ పని సాగించారు. ఫించ్ పక్షులను వలల్లో పట్టి, కాళ్ళకు రంగుల కడియాలు తొడిగి, ముక్కు పొడవు, వెడల్పు, మందం కొలిచి వదిలేవారు. ఏ గూటి పిల్ల ఎవరి సంతానమో, ఏది బతికిందో, ఏది పోయిందో రాసుకునేవారు.

పల్లేరు కాయ పరీక్ష

దీవిలో ఎక్కువగా కనిపించేది మధ్యరకం నేల ఫించ్. చిన్న గింజలు దొరికినంత కాలం అది వాటినే ఏరుకు తింటుంది. 1977లో వానలు ముఖం చాటేశాయి. చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి ప్రధానంగా ముళ్ళ పల్లేరు కాయలు. మన చేల గట్ల మీద కాళ్ళకు గుచ్చుకునే పల్లేరుకు ఆ మొక్క దగ్గరి బంధువే. ఆ గట్టి కాయను చీల్చి గింజ తీయడం బలమైన ముక్కుకే సాధ్యం. మధ్యరకం ఫించ్‌లలో దాదాపు 85 శాతం చనిపోయాయి. బతికిన వాటిలో పెద్ద ముక్కువే ఎక్కువ. తల్లిదండ్రుల ముక్కు తీరు పిల్లలకూ వస్తుంది కాబట్టి తర్వాతి తరం ముక్కు మందం సగటున 4 శాతం పెరిగింది.

పొరుగు వచ్చాక

1982 చివరలో ఎల్ నినో వానల సమయాన పెద్ద నేల ఫించ్‌లు కొన్ని వచ్చి ఇక్కడే గూళ్ళు కట్టుకున్నాయి. వీటి బరువు మధ్యరకానికి దాదాపు రెట్టింపు. పల్లేరు కాయను ఇవి సునాయాసంగా పగలగొడతాయి. ఇరవయ్యేళ్ళలో వీటి సంఖ్య వందల్లోకి చేరింది. ఆపైన 2003, 2004లలో వానలు సరిగా పడలేదు.

ఈసారి ఫలితం తిరగబడింది. పెద్ద ఫించ్‌లు పల్లేరు నిల్వను ఊడ్చేశాయి. ఒకప్పుడు పెద్ద ముక్కుతో గట్టెక్కిన మధ్యరకం పక్షులకు ఆ తిండే కరువైంది. చిన్న గింజలతో సరిపెట్టుకోగల చిన్న ముక్కు పక్షులు బతికి, ముక్కు సగటు తగ్గింది. గింజలు అడుగంటేసరికి పెద్ద ఫించ్‌ల సంఖ్య కూడా కుప్పకూలింది.

రెండు జాతులు ముఖాముఖి కొట్లాడుకుంటేనే పోటీ కాదు. ఎవరు ముందు తింటారు, ఎవరికి ఏం మిగులుతుంది అన్నదే అసలు పోటీ. దగ్గరి బంధువుల తిండి ఒకటే కాబట్టి వాటి మధ్యే అది తీవ్రం. ఇలా ఒకదాని నుంచి ఒకటి తప్పుకుంటూ రెండూ వేర్వేరు రూపాలకు జరుగుతాయి. దీవుల మధ్య ముక్కుల తేడాలు చూసి పక్షి శాస్త్రవేత్త డేవిడ్ లాక్ 1947లోనే ఈ ఊహ చేశారు. డాఫ్నేలో అది కళ్ళ ముందు జరిగింది. 2016లో జన్యు పరిశీలన మరింత లోతుకు వెళ్ళింది. ముక్కు పరిమాణంతో ముడిపడిన హెచ్‌ఎమ్‌జీఏ2 అనే జన్యువులో చిన్న ముక్కునిచ్చే రూపం ఉన్న పక్షులే రెండో కరవులో ఎక్కువగా నిలిచాయని తేలింది.

1977 కరవు చూసి గ్రాంట్ దంపతులు తిరిగి వెళ్ళిపోయి ఉంటే, కరవొస్తే ముక్కు పెరుగుతుందన్న సగం నిజమే లోకానికి మిగిలేది. రెండో సగం కోసం మరో పాతికేళ్ళు ఆ రాతి మీద కొలతలు తీయాల్సి వచ్చింది. అందుకే ఏళ్ళ తరబడి ఒకే చోట పక్షులను లెక్కపెట్టే పనికి డబ్బు, ఓపిక, గౌరవం మూడూ ఇవ్వాలి.