సీసా మరిగిన బిడ్డ మళ్ళీ రొమ్ము పట్టాలంటే

మా వదినకు తొలి కాన్పు. పట్నంలో ఒక దవాఖానలో ఆపరేషన్ చేసి బిడ్డను తీసిండ్రు. ఆడపిల్ల. వదినకు ఇంకా మత్తు దిగలేదు. "పాలు పడలేదు, బిడ్డ ఏడుస్తున్నది, డబ్బా తెచ్చుకోండి" అన్నది అక్కడి ఆయమ్మ. మా అన్న ఉరికి డబ్బా, సీసా కొనుక్కొచ్చిండు. ఐదో రోజు ఇంటికి వచ్చినంక వదిన రొమ్ము అందిస్తే బిడ్డ మొఖం తిప్పుకొని ఒకటే ఏడుపు. సీసా పెడితే గటగట తాగింది. "కోడలికి పాలు లేవు" అని మా అమ్మ కూడా అనేసింది. వదిన గోడ దిక్కు తిరిగి పండుకొని ఏడ్చింది.

అక్కలారా, ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన కరీంనగర్ జిల్లాలో నూరు కాన్పులు అయితే అందులో 82 ఆపరేషన్ కాన్పులే అని తేలింది. తెలంగాణ మొత్తంలో నూటికి 61. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే. తల్లి కుట్ల నొప్పితో లేవలేదు, బిడ్డకు సీసా పడుతుంది. పేరు మాత్రం "పాలు లేవు" అని తల్లి మీదికి వస్తుంది.

నిజంగా పాలు లేవా? తొలి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పచ్చగా, కొంచెమే ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ కడుపు కూడా అంతే చిన్నది. మొదటి రోజు ఒక్కో పూటకు చిన్న చెంచాడు చాలు. రోగాలను ఆపే శక్తి ఆ పాలలో ఉంది. అవి చెడుపాలని పిండి పారబోయవద్దు. నిండు పాలు మూడో నాలుగో రోజుకు పడతాయి. ఆపరేషన్ అయిన తల్లికి ఇంకొక రోజు ఆలస్యం కావచ్చు.

వాగు ఇసుకలో చెలిమె తీస్తాం కదా. తోడిన కొద్దీ నీరు ఊరుతుంది. తోడకుంటే అట్లనే నిలిచిపోతుంది. రొమ్ము కూడా అంతే. బిడ్డ చప్పరిస్తే తల్లి మెదడుకు కబురు పోతుంది. అప్పుడు పాలు తయారవుతాయి. బిడ్డ సీసాతో కడుపు నింపుకుంటే ఆ కబురు పోదు, పాలు తగ్గుతాయి. తగ్గినయి కదా అని ఇంకో సీసా పడతాం. అట్ల అట్ల పాలు ఎండిపోతాయి.

మరి బిడ్డ ఎందుకు మొఖం తిప్పుకుంటుంది? సీసా పీకలోంచి పాలు వాటంతట అవే కారుతాయి. రొమ్ములో పాలు దిగాలంటే బిడ్డ నోరు పెద్దగా తెరిచి, కష్టపడి చప్పరించాలె, కాసేపు ఓపిక పట్టాలె. సుఖం మరిగిన బిడ్డకు అది కోపం తెప్పిస్తుంది. తల్లి మీద అలక కాదు అది.

మా ఊరి ఆశ అక్క వచ్చి చూసింది. మొదట సీసాను, పీకను పక్కన పెట్టించింది. "మరి కడుపు మాడ్చాల్నా?" అని అమ్మ కోపానికి వచ్చింది. "ఉగ్గుగిన్నె లేదా అత్తమ్మా?" అన్నది ఆశ అక్క. అమ్మ అటక మీది నుంచి తీసింది, మా అన్నకు ఉగ్గు పోసిన గిన్నెనే! దాన్ని నీళ్ళలో బాగా మరిగించినం. పాలు దానితోనే పట్టినం. గొంతులో పోయకూడదు. బిడ్డను కొంచెం లేపి పట్టుకొని, గిన్నె అంచు కింది పెదవికి ఆనిస్తే తానే నాలుకతో అందుకుంటుంది.

తరువాత బిడ్డ బట్టలు విప్పి వదిన ఎద మీద పండబెట్టి, పైన చీర కొంగు కప్పినం. ఒంటికి ఒళ్ళు తగిలితే బిడ్డ తానే రొమ్ము వెతుక్కుంటుంది. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగవద్దు. ఏడ్చే బిడ్డ నేర్చుకోదు. పెదవులు చప్పరిస్తున్నప్పుడు, సగం నిద్రలో ఉన్నప్పుడు అందించాలె. రాత్రి, పగలు కలిపి 8 నుంచి 12 సార్లు. రాత్రి పూట మానవద్దు, పాలు ఊరే శక్తి అప్పుడే ఎక్కువ. కుట్ల మీద బరువు పడకుండా వదిన పక్కకు ఒరిగి పాలిచ్చింది. కూర్చున్నప్పుడు బిడ్డను చంక కింద దిండు మీద పెట్టుకుంది.

చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పాలు రావు, పుండ్లు పడతాయి. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలె. బిడ్డ గదమ రొమ్ముకు ఆనాలె. కింది పెదవి బయటికి మడిచి ఉండాలె.

ఆడబిడ్డను కాబట్టి నేనే పక్కన కూర్చున్న. బిడ్డ రొమ్ము పట్టగానే ఉగ్గుగిన్నెతో పాలు చుక్కలు చుక్కలుగా రొమ్ము మీద జార్చిన. చప్పరిస్తే పాలు వస్తాయని బిడ్డకు నమ్మకం కుదరాలె కదా! రెండు రోజులు ఏడుపే. మూడో రోజు రాత్రి పది నిమిషాలు వదలకుండా తాగింది.

డబ్బా పాలు ఒక్కసారే ఆపలేదు. పూటకు రెండు చెంచాలు తగ్గించి, రెండు రోజులు చూసి, మళ్ళీ తగ్గించినం. పాలు చాలుతున్నాయని ఎట్ల తెలుస్తుంది? అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలె. పుట్టినంక కొంచెం తగ్గిన బరువు రెండు వారాల లోపల మళ్ళీ రావాలె. ఉపకేంద్రంలో నర్సమ్మతో తూకం వేయించండి. బిడ్డ మబ్బుగా పడి ఉండి తాగకపోయినా, మూత్రం తగ్గినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా ఇంట్లో ఉండవద్దు. 108కి ఫోన్ చేయండి. నెలలు నిండక పుట్టిన బిడ్డ అయినా, తల్లికి పెద్ద జబ్బు ఉండి మందులు వాడుతున్నా ముందు డాక్టరును అడగాలె.

బాలింతకు నీళ్ళు తక్కువ పోయాలని పెద్దలు అంటారు. దాహమైనన్ని తాగనియ్యండి. పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. అంగన్‌వాడీలో బాలింతలకు పూట భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం 2015లో మొదలైంది, వాడుకోండి. బిడ్డకు మాత్రం ఆరు నెలల దాకా ఎండకాలంలో కూడా నీళ్ళు వద్దు. బీడీలు చేసే అక్కలు చేతులు సబ్బుతో కడుక్కొని, ఆకు దుమ్ము పడిన చీర మార్చుకొని పాలియ్యండి.

400 గ్రాముల డబ్బా నాలుగైదు రోజులకు మించి రాదు. వెయ్యి బీడీల కూలి ఒక డబ్బాకు చాలదు. ఉట్నూరు, ఆసిఫాబాద్ దిక్కు అడవి పల్లెల్లో వానకాలం వాగు పొంగితే దుకాణానికే పోలేము. అప్పుడు పొడి తక్కువ వేసి నీళ్ళు ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్ళు మంచివి కాకపోతే విరేచనాలు. బిడ్డ చిక్కిపోతుంది.

ఇంకో సంగతి. పాల డబ్బాలు, సీసాల అమ్మకం మీద 1992లో చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేసిండ్రు. వీటికి ప్రచారం చేయకూడదు. తల్లులకు ఉచితంగా డబ్బాలు పంచకూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ గాని, తల్లి బొమ్మ గాని వేయకూడదు. తల్లిపాలే బిడ్డకు మేలు అని దాని మీదనే రాయాలె. ఎవరింట్లో అయినా డబ్బా ఉంటే తిప్పి చూడండి. ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లలతో చదివించుకోండి.

మా మేనకోడలికి ఇరవయ్యో రోజు వచ్చేసరికి డబ్బా పూర్తిగా ఆగింది. మిగిలిన సగం డబ్బాను అమ్మ దాచిపెడతానన్నది. వదిన ఒప్పుకోలేదు.