నేరకథ చివరి అంకం: ‘ది టెర్రరిస్ట్స్’ నవలలో చట్టం, సామాన్యురాలు

అపరాధ పరిశోధన నవల అనగానే తెలుగు పాఠకునికి కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ స్ఫురిస్తాడు. అక్కడ నేరస్థుడు పట్టుబడితే కథ ముగుస్తుంది. స్వీడన్ రచయితల జంట మై షోవాల్ (1935–2020), పేర్ వాలో (1926–1975) ఆ ముగింపునే ప్రశ్నించారు. 1965లో ‘రోసెన్నా’తో మొదలైన వారి మార్టిన్ బెక్ నవలామాలలో పది నవలలున్నాయి. ప్రతి నవలకూ ముప్పై ప్రకరణాలు. అన్నింటికీ ‘ఒక నేరం కథ’ అన్న ఒకే ఉపశీర్షిక. చివరిదైన ‘ది టెర్రరిస్ట్స్’ వెలువడిన 1975లోనే వాలో మరణించాడు.

ఈ నవలలో స్టాక్‌హోమ్‌కు వచ్చే అమెరికన్ సెనెటర్ రక్షణ భారం బెక్‌పై పడుతుంది. అంతర్జాతీయ ఉగ్రవాదుల పన్నాగం విఫలమై సెనెటర్ బతికి బయటపడతాడు. అయితే పోలీసులు ఊహించని దిక్కునుంచి వచ్చిన రెబెకా లిండ్ అనే యువతి స్వీడన్ ప్రధానమంత్రిని కాల్చి చంపుతుంది. శీర్షికలోని వ్యంగ్యమంతా ఇక్కడే ఉంది.

రెబెకా నవల ఆరంభంలోనే ముద్దాయిగా కనిపిస్తుంది. బ్యాంకు అప్పు ఇస్తుందని నమ్మి అడగడానికి వెళ్తుంది. వెంట ఉన్న తోటపని కత్తిని చూసి ఉద్యోగిని దోపిడీగా భ్రమిస్తుంది. న్యాయస్థానం ఆమెను విడిచిపెట్టినా, ఆమె కష్టాన్ని ఆలకించే కార్యాలయం ఒక్కటీ దొరకదు. ఆమె బిడ్డకు తండ్రి అయిన అమెరికన్ యువకుడు సైన్యాన్ని వదిలి వచ్చినవాడు. స్వదేశానికి తిరిగి వెళ్లి జైలుపాలవుతాడు. సాయం కోరుతూ ఆమె చేసిన విన్నపాలకు ప్రధానమంత్రి నుంచి సమాధానం రాదు.

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు పాఠకునికి ఈ స్థితి పరాయిది కాదు. కోయ కుటుంబం తమదనుకొని పోడు చేసిన నేల అటవీ దస్త్రాల్లో ఆక్రమణగా నమోదవుతుంది. 2005 డిసెంబరు 13కు ముందునుంచీ గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తింపునిచ్చింది. కానీ ఆ హక్కు చేతికందాలంటే దరఖాస్తు, సాక్ష్యాలు, గ్రామసభ తీర్మానం, ఆపై రెండంచెల కమిటీలు దాటాలి. ఈ పోలికను మరీ సాగదీయరాదు. రెబెకా ఒంటరి, పోడు రైతు వెనుక ఊరుంది, గ్రామసభ ఉంది. చట్టం భాష తెలియనివారు దాని కంటికి ముందుగా నేరస్థులుగానే కనబడటం మాత్రం రెండుచోట్లా ఒకటే.

1986 ఫిబ్రవరి 28న స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పామే స్టాక్‌హోమ్ వీధిలో హత్యకు గురయ్యాక ఈ నవలను భవిష్యవాణిగా చదివినవారున్నారు. అది కాకతాళీయం, నవల బలం రెబెకా అసహాయతలో ఉంది. చివరి దృశ్యంలో మిత్రులు అక్షరాల ఆట ఆడుకుంటారు. నవలామాల ‘మార్క్స్’ అన్న పదంతో ఆగుతుంది. రెబెకా కథ అప్పటికే చెప్పినదాన్ని ఆ పదం కాస్త బిగ్గరగా చెబుతుంది.