మెదడులో కణితి: ఒకే వ్యాధి, పది గడపలు

మెదడులో కణితి ఏర్పడిన వ్యక్తి నేరుగా నరాల వైద్యుని వద్దకు వెళ్లడం మన దేశంలో అరుదు. ఉదయం పూట వాంతులవుతుంటే పైత్యమని కడుపు డాక్టరును ఆశ్రయిస్తాడు. చూపు మసకబారితే కళ్లజోడు మార్పిస్తాడు. ఒక చెవి వినిపించకపోతే వయసు మీద పడిందనుకుంటాడు. మూర్ఛ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. నెమ్మదస్తుడని పేరు పడిన మనిషి ఉన్నట్టుండి నోరు పారేసుకోవడం మొదలుపెడితే ఇంటిల్లిపాదీ అతని నడతను తప్పుపడతారే తప్ప దానిని వ్యాధి లక్షణంగా భావించరు. ఒక్కొక్క లక్షణం ఒక్కొక్క గడప తొక్కుతుంది. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూసే వైద్యుడు దొరికేసరికి నెలలు గడచిపోతాయి.

ఇది విరివిగా కనిపించే వ్యాధి కాదు. భారతదేశంలో ఏటా ప్రతి లక్షమందిలో 5 నుంచి 10 మందికి మెదడు, వెన్నుపాములలో కణితులు ఏర్పడుతున్నట్లు అంచనా. అవన్నీ క్యాన్సర్లూ కావు. మెదడు పైపొరలలో పుట్టే మెనింజియోమాలలో అత్యధికం నెమ్మదిగా పెరిగేవి, శస్త్రచికిత్సకు లొంగేవి. అయితే క్యాన్సర్ కాని కణితి సైతం పుర్రెలో పెరిగితే ప్రాణాంతకం కావచ్చు. కారణం పుర్రె నిర్మాణంలోనే ఉంది.

పుర్రె ఎముకతో మూసుకుపోయిన పెట్టె వంటిది. అందులో మెదడు, రక్తం, మెదడును తడుపుతూ ఉండే ద్రవం సర్దుకుని ఉంటాయి. ఈ ద్రవం రోజుకు దాదాపు అరలీటరు ఊరి తిరిగి రక్తంలో కలుస్తుంది. కణితి పెరిగినకొద్దీ మొదట ఈ ద్రవం, సిరలలోని రక్తం తప్పుకుని దానికి చోటిస్తాయి. అందువల్లనే కొన్ని కణితులు నిమ్మకాయంత అయ్యేదాకా బయటపడవు. చోటు పూర్తిగా నిండిన తరువాత మాత్రం కొద్దిపాటి పెరుగుదలకే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా హెచ్చుతుంది. మెదడుకు స్వతహాగా నొప్పి తెలియదు. దాని పొరలకు, రక్తనాళాలకు తెలుస్తుంది. రాత్రంతా పడుకుని ఉండటం, నిద్రలో శ్వాస మందగించి నాళాలు వ్యాకోచించడం వల్ల తెల్లవారుజామున ఈ ఒత్తిడి మరింత పెరుగుతుంది. కనుకనే నిద్రలేస్తూనే తలనొప్పి, ఒక వాంతి, ఆ తరువాత పగలంతా కొంత ఉపశమనం. దగ్గినా, ముక్కినా, వంగినా నొప్పి ఎక్కువవుతుంది.

తలనొప్పి వచ్చిన ప్రతివారూ స్కానింగ్ కేంద్రానికి పరుగెత్తనవసరం లేదు. ఏళ్ల తరబడి ఒకే తీరున వచ్చిపోయే పార్శ్వపు నొప్పి కణితి వల్ల కావడం చాలా అరుదు. నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదాని కంటే అది ఎలా మారుతున్నదన్నదే ముఖ్యం. ఎన్నడూ తలనొప్పి ఎరుగని వ్యక్తికి కొత్తగా మొదలై, వారంవారం హెచ్చుతూ, దానికి మరొక లక్షణం తోడైతే అప్పుడు ఉపేక్షించరాదు. గ్రామాలలో మరొక చిక్కు ఉంది. ఆర్‌ఎంపీలు ఏ నొప్పికైనా ఇచ్చే ఇంజక్షన్లలో డెక్సామిథాసోన్ తరచుగా ఉంటుంది. కణితి చుట్టూ చేరిన వాపును ఈ మందు తాత్కాలికంగా తగ్గిస్తుంది. రోగి ‘సూదిమందుతో నయమైంది’ అని తృప్తిపడతాడు. కణితి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మిగిలిన లక్షణాలు కణితి ఉన్న చోటును బట్టి ఉంటాయి. నుదుటి వెనుక భాగంలో ఉంటే స్వభావం మారుతుంది. లెక్కలలో దిట్ట అయిన దుకాణదారు చిల్లర ఇవ్వడంలో పొరబడతాడు, దేనిమీదా ఆసక్తి ఉండదు. ఎడమ పక్కన ఉంటే తెలిసిన మాటే నోటికి రాదు. మెదడు వెనుక దిగువ భాగంలో ఉంటే తాగినవాడిలా తూలుతూ నడుస్తారు. వినికిడి నరంపై ఏర్పడితే ఒక చెవిలోనే హోరు, క్రమంగా చెవుడు. ఫోను రెండో చెవికి మార్చుకోవడం అలవాటైపోయినా రోగి గమనించడు. పిట్యూటరీ గ్రంథిలోని కణితి కంటి నరాలను కింది నుంచి నొక్కడం వల్ల ఇరుపక్కల చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించదు. ఇటువంటి వారిలో కొందరు స్త్రీలకు నెలసరి ఆగిపోతుంది. కొందరికి చెప్పుల సైజు, ఉంగరం సైజు పెరుగుతాయి. కంటిపాపను విప్పార్చి లోపలి నరాన్ని పరీక్షించే నేత్రవైద్యుడు మెదడు ఒత్తిడిని అందరికంటే ముందు పసిగట్టగలడు. కేవలం అద్దాల నంబరు చూసి పంపించే కళ్లజోళ్ల దుకాణంలో ఆ అవకాశం లేదు.

మూర్ఛ విషయంలో మన ఉపఖండానిది ప్రత్యేక పరిస్థితి. తెలుగునాట రోగి చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు, ఉత్తరాదిన చెప్పు వాసన చూపిస్తారు. ఈ రెండింటివల్లా ప్రయోజనం లేదు. పెద్ద వయసులో తొలిసారి మూర్ఛ వచ్చినా, చేతివేళ్లో మూతి పక్కనో మొదలైన అదురు ఒక పక్కకు పాకినా, లేని కాలిన వాసన క్షణకాలం తోచినా స్కానింగ్ తప్పనిసరి. కానీ స్కానింగ్‌లో మచ్చ కనిపించగానే కణితి అని నిర్ధారించడం కూడా ఇక్కడ తొందరపాటే. భారత్, నేపాల్ వంటి దేశాలలో క్షయ గడ్డలు, టేప్‌వార్మ్ గుడ్ల వల్ల ఏర్పడే తిత్తులు అచ్చం కణితుల్లా కనిపిస్తాయి.

ఈ సంగతిని తేటతెల్లం చేసిన ఘనత వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులకు దక్కుతుంది. 1949లో జేకబ్ చాండీ దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని నెలకొల్పింది అక్కడే. మూర్ఛ రోగుల సీటీ స్కానింగ్‌లో కనిపించే చిన్న ఏకైక మచ్చను ఒకప్పుడు క్షయ గడ్డగా భావించి మందులిచ్చేవారు. 1980ల చివర, 1990ల తొలినాళ్లలో మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ బృందం వాటిని తీసి పరీక్షించి, అధికభాగం చనిపోతున్న టేప్‌వార్మ్ తిత్తులేనని నిరూపించింది. మచ్చ 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, తలలో ఒత్తిడి, క్రమంగా హెచ్చే బలహీనత లేకపోతే మూర్ఛ మందులు వాడుతూ కొన్ని నెలల తరువాత మళ్లీ స్కానింగ్ చేసి చూడవచ్చునని తేలింది. వాటిలో చాలా వరకు వాటంతటవే కరిగిపోతాయి. ఎందరో పుర్రె కోత నుంచి బయటపడ్డారు.

పిల్లల సంగతి వేరు. వారు చెప్పలేరు. బడికి వెళ్లేముందు వాంతులైతే బడి ఎగవేతకని అనుమానిస్తాము. మెల్లకన్ను కొత్తగా రావడం, తల ఒక పక్కకు వాల్చడం, నడక తడబడటం, శిశువుల్లో తల త్వరత్వరగా పెరగడం ప్రమాద సూచనలు. ఈ లక్షణాల గురించి తల్లిదండ్రులకు, వైద్యులకు తెలియజెప్పేందుకు బ్రిటన్‌లో 2011లో ‘హెడ్‌స్మార్ట్’ ప్రచారం ప్రారంభించారు. అక్కడ లక్షణం కనిపించిన నాటినుంచి వ్యాధి నిర్ధారణ దాకా 2006లో సగటున 14 వారాలకు పైగా పట్టిన కాలం 2013 నాటికి 7 వారాల లోపునకు తగ్గింది. కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. ఏ లక్షణాన్ని చూడాలో చెప్పారంతే.

ఇక ఖర్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, 2018లో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ గానీ మెదడు శస్త్రచికిత్సల భారాన్ని పేదల నెత్తినుంచి చాలావరకు దించాయి. కేంద్ర పథకంలో కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా రక్షణ ఉంది. కానీ ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికి ఉద్దేశించినవి. చేరడానికి ముందు ఖర్చులకు కేంద్ర పథకం మూడు రోజులకే పరిమితం. జబ్బేమిటో తెలియక ఆరునెలలు తిరిగిన తిరుగుడుకు, మధ్యలో తీయించుకున్న స్కానింగులకు, తోడు వచ్చినవారి కూలి నష్టానికి చెల్లించేది రోగి కుటుంబమే. జార్ఖండ్ నుంచో బెంగాల్ నుంచో రెండు రోజుల రైలు ప్రయాణం చేసి కాట్పాడిలో దిగి, వేలూరు లాడ్జీలలో వంతు కోసం వేచి ఉండే కుటుంబాలు ఇల్లు కదిలేనాటికే అప్పులపాలై ఉంటాయి.

అలా బయలుదేరేవారు పాత స్కానింగ్ ఫిల్ములు, వాటి రిపోర్టులు, వాడిన మందుల చీటీలు వెంట తీసుకువెళ్లాలి. మూడు నెలల కిందటి ఫిల్మును నేటి ఫిల్ము పక్కన పెట్టి చూస్తేనే మచ్చ పెరుగుతున్నదా, కరుగుతున్నదా అన్నది వైద్యునికి తెలుస్తుంది. మూర్ఛ మాత్రలను మాత్రం ప్రయాణంలో ఒక్క పూట కూడా ఆపకూడదు.