సెలైన్ దిగాక వచ్చే జ్వరం

ముదిరిన క్యాన్సర్‌కు నరంలోకి ఎక్కించే కీమో మందుతో ప్రమాదమంతా ఆసుపత్రి మంచం మీదే అనుకుంటాం. అక్కడ ఎత్తు, బరువు, రక్తపరీక్ష చూసే మోతాదు లెక్కకడతారు. సూది దగ్గర మంటగా ఉందని చెబితే వెంటనే ఆపుతారు. అసలు గండం ఇంటికొచ్చాకే. చాలా కీమో మందులకు 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్ఫెక్షన్‌ను అడ్డుకునే తెల్లకణాలు బాగా పడిపోతాయి. పెదబయలు వంటి మన్యం ఊళ్లలో జ్వరమనగానే మలేరియా గుర్తొస్తుంది. తప్పేం కాదు, ఆ పరీక్షా చేయించాలి. కానీ కీమో తీసుకున్నవారికి జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందంటే, మలేరియా ఉన్నా లేకున్నా, రక్తకణాల లెక్క చూడాలి, యాంటీబయాటిక్ ఆలస్యం కాకూడదు. పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుందే గానీ ఇన్ఫెక్షన్‌ను కాదు.

ఇంత భయముంటే ముదిరిన జబ్బుకు ఈ మందెందుకని అడగొచ్చు. నయం కాకపోయినా కొన్ని క్యాన్సర్లలో నొప్పి, ఆయాసం తగ్గి ఆయుష్షు పెరుగుతుంది. కావాలో వద్దో రోగే తేల్చుకోవాలి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిన కీమో మందు మెథోట్రెక్సేట్ కూడా కణాలను చంపేదే, దాన్నీ ఇలా కాచుకునే వాడుతున్నారు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి జ్వరంతో ఘాట్ దిగి వెళ్లడం కష్టమన్నది మాత్రం న్యాయమైన మాట. అందుకే తొలి చికిత్స మన్యంలోని పాడేరు ఆసుపత్రిలోనే మొదలవ్వాలి. మందు పేరు, ఎక్కించిన తేదీ ఉన్న కాగితం దగ్గరుంచుకోండి. జ్వరం రాగానే, అర్ధరాత్రయినా, 108కి ఫోన్ చేసి ఆ కాగితం చూపండి.